నలభై ఏడో పేరు

రెండు నగరాలు. ఒక్కో నగరంలో ఒక విద్యాశాఖ కార్యాలయం. ఈ చివర ఒక గుమాస్తా అమ్మాయి, ఆ చివర పదవీ విరమణకు దగ్గరపడిన ఒక గుమాస్తా. మధ్యలో ఫోను.

సోమవారం.

"కాదు సార్, మళ్ళీ ఒకసారి చెప్పండి. పిల్లకి ఏడాదికి ఖర్చు ఎంతన్నారు?"

"ఇరవై ఒక్క వేల మూడు వందలు. నాలుగోసారి చెబుతున్నానమ్మా. ఐదోసారి అడిగితే తగ్గుతుందనా?"

"మాకు పద్దెనిమిది వేలే వస్తోంది సార్."

"అదే ఇక్కడ గొడవ. పక్క ఊరివాళ్ళు పద్దెనిమిది వేలకి అయిదు తరగతులు చెప్పేస్తుంటే మీరేం చేస్తున్నారయ్యా, చాక్‌పీసులు నమిలేస్తున్నారా అని మా సూపరింటెండెంటు పొద్దున్నుంచీ ఒకటే సణుగుడు."

"జీతాలు కలిపారా సార్?"

"కలిపాను."

"ఆయాల జీతం, నీళ్ళ డ్రమ్ములు, బెంచీల మరమ్మతు?"

"అన్నీ కలిపాను. మీరే అద్దెలు వదిలేసి ఉంటారు, చూసుకో."

"లేదండీ. అద్దెలు మొదటి వరసలోనే ఉన్నాయి."

"అయితే డబ్బులో తేడా లేదు. పిల్లల్లో ఉంది. మీ పిల్లల్ని ఎవరు లెక్కపెట్టారు?"

"నేనేనండీ. బడుల నుంచి రిజిస్టర్లు తెప్పించుకుని, అందులో పేర్లు..."

"ఆగాగు. పేర్లా?"

"పేర్లే. మరి?"

"ఓరి నాయనో. మేం పేర్లు లెక్కపెట్టమమ్మా. వచ్చిన తలలు లెక్కపెడతాం. రోజూ పదింటికి ప్రతి బడి నుంచీ ఫోను వస్తుంది, ఒకటో తరగతి ఇంతమంది, రెండో తరగతి ఇంతమంది అని. రాసుకుని రాసుకుని నా వేళ్ళు వంకర తిరిగాయి. దాని సగటుతో ఖర్చుని భాగిస్తాం."

"మా దగ్గర పేరుంటే పిల్ల ఉన్నట్టేనండీ."

"రాకపోయినా?"

"రాకపోయినా."

"ఊరు విడిచి వెళ్ళిపోయినా?"

"ఎవరైనా గీత కొట్టేదాకా ఉన్నట్టే."

"అదీ సంగతి! మీది చవక కాదమ్మా. మీకు లేని పిల్లలున్నారు. ఏం, కోపం వచ్చిందా?"

"లేదు సార్. రాసుకుంటున్నాను. మరి ఇప్పుడేం చేద్దాం?"

"ముందు సార్ అనడం మానెయ్. ఇంకో నెలలో ఇంటికి పోయేవాణ్ణి, ఇప్పుడు కొత్తగా సార్‌నైతే నాకు అరగదు. ఇక్కడ నన్ను పాత బీరువా అంటారు. తెరిస్తే చప్పుడు, మూస్తే చప్పుడు."

"అలా ఎలా పిలుస్తానండీ?"

"బాబాయ్ అను. నిన్నేమంటారు అక్కడ?"

"మౌనవ్రతం అంటారు. నా ముందే అంటారు."

"నాతో బానే మాట్లాడుతున్నావుగా!"

"ఫోనులో మొహం కనబడదు కదండీ."

"సరే, విను. ఈ వారం మీ బడులు కూడా తలలు లెక్కపెట్టి పంపాలి. ఇక మీ ఊరి నుంచి మా ఊరికి వచ్చి చేరిన పిల్లలు అరవై ముగ్గురున్నారు. చేర్చుకునేటప్పుడు పాత బడి ఏదో రాయించుకుంటాం, కాబట్టి జాబితా సిద్ధంగా ఉంది. వాళ్ళ పేర్లు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. ఒకే పిల్ల రెండు బెంచీల మీద కూర్చోదు కదా? ఎక్కడో ఒకచోట గీత పడాలి."

"ఎక్కడ పడాలండీ?"

"రాని చోట. లేదూ, ఫలానా పిల్ల తిరిగి మీ దగ్గరికే వచ్చేస్తుందని గట్టిగా తెలిస్తే చెప్పు, నా పట్టికలో నేనే కొట్టేస్తాను. శుక్రవారం సాయంత్రానికి రెండు పట్టికలూ, ఊళ్ళ ఖర్చులు పోల్చి చూసే కమిటీకి చేరాలి. పంపాక ఒక్క అక్షరం మార్చనివ్వరు, అది గుర్తు పెట్టుకో."

"గుర్తుంది. ఇంకో మాట బాబాయ్ గారూ. మీ దగ్గర నీళ్ళ ట్యాంకు బడి అని ఉందా?"

"ఉంది. ఇక్కడికి రెండు వీధుల అవతలే."

"అందులో మూడో తరగతి ఇవాళ ఎంతమంది వచ్చారు?"

"ఉండు. ముప్పై రెండు. ఎందుకు?"

"ఊరికేనండీ. నమూనాకి."

మంగళవారం.

"ఎంతదాకా వచ్చావు?"

"ముప్పై ఎనిమిది పేర్లు కొట్టేశానండీ. ప్రతి బడికీ ఫోను చేసి, వాళ్ళూ సరేనన్నాకే. పదిహేడో నంబరు దగ్గర ఒక పంతులుగారు ఒప్పుకోలేదు. వాడు తన పేరు బెంచీ మీద చెక్కి వెళ్ళాడట. బెంచీ మీద ఉండగా నేనెలా కొడతానమ్మా అంటారు."

"కాగితం మీద కొట్టమను, బెంచీ జోలికి పోవద్దను. ఇంకో రెండేళ్ళకి దాని మీద ఇంకొకడు చెక్కుతాడు."

"రెండేళ్ళు కూడా పట్టదండీ. గీత పడిన సాయంత్రమే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా బడుల బయట నూట పదిమంది వరసలో ఉన్నారు."

"అబ్బో! మా దగ్గర ఒక బడిలో నాలుగు గదులు, నలుగురు పంతులమ్మలు, పంతొమ్మిదిమంది పిల్లలు. ఒక పిల్లకి జలుబు చేస్తే నలుగురూ ముక్కు తుడుస్తారు. ఆ బడి వల్లే మా లెక్క ఇలా పెరిగిపోయిందని మూసేస్తారేమో. మూస్తే ఆ పంతొమ్మిదిమందీ రోజూ మూడు రోడ్లు దాటాలి. నా పట్టిక సరిగ్గా రాకపోతే వాళ్ళ కాళ్ళ మీద పడుతుంది."

"అందుకేనా మీరింత పట్టుగా ఉన్నారు?"

"పట్టేముంది. చివరి పట్టిక, తప్పు లేకుండా పోవాలని. భోజనం చేశావా?"

"బల్ల దగ్గరే తినేశానండీ."

"ఒక్కదానివేనా?"

"మిగతావాళ్ళు కింద గదిలో తింటారు. పిల్లల కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి పిల్ల ఏం తినదు, ఎవరి పిల్లాడు ఏం అన్నాడు..."

"నీకు పడదా?"

"వింటూ కూర్చోడం కష్టమండీ. మీరో?"

"నేనూ ఇక్కడే, రికార్డుల గదిలో. డబ్బా మూత తీసిన చప్పుడికి బంట్రోతు తొంగిచూసి, మీరింకా ఉన్నారా అంటాడు. ఉన్నానయ్యా అంటాను. రోజూ ఇదే సంభాషణ. ఆరేళ్ళ నుంచి."

"ఆరేళ్ళ క్రితం?"

"అప్పుడు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆవిడ ఉండేది. సరేలే. మిగతా పాతికా రేపటికి అయిపోవాలి."

"అలాగేనండీ. ఇవాళ నీళ్ళ ట్యాంకు బడి..."

"మూడో తరగతి, ముప్పై రెండు. నలభై రెండు బడులుంటే నీకా ఒక్కటే దొరికిందేం? నమూనా అంటే రోజుకొకటి మార్చాలి తల్లీ."

"మారుస్తానండీ. రేపటి నుంచి."

బుధవారం.

"బాబాయ్ గారూ, అరవై రెండు అయిపోయాయి."

"భేష్! అరవై మూడోది?"

"ఇవాళ నీళ్ళ ట్యాంకు బడి చెప్పండి ముందు."

"మారుస్తానన్నావు! ముప్పై ఒకటి."

"ముప్పై రెండు కదండీ?"

"ఇవాళ ముప్పై ఒకటి."

"సరిగ్గా చూడండి. పక్క వరస చూశారేమో."

"నలభై ఏళ్ళ నుంచి అడ్డగీతలు చూస్తున్నాను, నాకు పక్క వరస..."

"ఎవరు రాలేదండీ?"

"నాకేం తెలుసు? మాకు అంకెలే వస్తాయి, పేర్లు రావు."

"ఒక్కసారి కనుక్కోండి బాబాయ్ గారూ. ఆ రెండో ఫోనులో అడగండి. నేను లైన్లోనే ఉంటాను."

"ఒక పిల్ల రాకపోతే సగటు మారదే అమ్మాయ్."

"మీకు దణ్ణం పెడతాను. కనుక్కోండి."

"సరే, సరే. ఉండు... హలో, ఎవరు, పెద్ద పంతులమ్మగారా? మూడో తరగతిలో ఇవాళ... ఆఁ... ఆఁ... ఓహో. సరేనమ్మా. అదీ సంగతి, విన్నావా? ఎవరో అబ్బాయి. పన్ను పీకించుకోడానికి తీసుకెళ్ళారట."

"అబ్బాయా? హమ్మయ్య!"

"హమ్మయ్యేమిటి? పాపం, వాడికి పన్ను ఊడిపోతుంటే! అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"జాబితాలో మిగిలిన ఒక్కటీ నలభై ఏడో నంబరు. ఇప్పుడే చూస్తున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల. నీళ్ళ ట్యాంకు బడి. మూడో తరగతి."

"ఆ పేరు కొంచెం ఆగుదామండీ. ఆ పిల్ల తాత్కాలికంగా వచ్చింది అక్కడికి."

"వచ్చి పదకొండు నెలలైంది."

"తిరిగి వచ్చేస్తుంది."

"ఎప్పుడు?"

"వచ్చేస్తుందన్నారు."

"ఎవరన్నారు? నీళ్ళు నమలకు. ఎవరమ్మా ఆ పిల్ల నీకు?"

"..."

"చెప్పకపోతే మానెయ్. నేను అడగను."

"మా అమ్మాయేనండీ. ఆయనకి అక్కడ పని దొరికింది. నాకు ఇక్కడ ఆఫీసు. ఆఫీసు పెట్టుకుని ఒక్కదానివీ ఎలా చూస్తావు, నేను చూసుకుంటాను, ఆర్నెల్లే కదా అన్నారు మా అత్తగారు. ఆర్నెల్లే కదా అని నేనూ పెట్టె సర్దాను. తర్వాత ఆయన ఇక విడిగానే ఉందామన్నారు. ఆదివారాలు ఫోను చేసుకోమన్నారు. చేస్తాను. మోగుతుంది."

"ఎత్తరా?"

"ఎప్పుడైనా ఎత్తుతారు. నిద్రపోతోంది అంటారు. బయటికెళ్ళింది అంటారు."

"వెళ్ళి చూడకూడదటమ్మా?"

"రెండుసార్లు వెళ్ళానండీ. రెండుసార్లూ తాళం. మూడోసారి వెళ్ళి మళ్ళీ తాళం చూడ్డానికి కాళ్ళు రాలేదు. మీరు రోజూ ముప్పై రెండు అంటుంటే, అందులో అది ఉందనుకుని భోజనం చేస్తున్నాను."

"అయ్యో తల్లీ."

"బస్సెక్కేటప్పుడు అడిగిందండీ, నా బెంచీ ఎవరికైనా ఇచ్చేస్తారా అని. ఇవ్వరు, నీ పేరు అక్కడే ఉంటుంది, నేను చూసుకుంటానుగా, నా ఆఫీసే కదా అన్నాను. అందుకని అది ఒక్కటీ..."

"అది ఒక్కటీ ఉంచి పంపితే రెండు పట్టికల్లోనూ ఉంటుంది. కమిటీవాళ్ళు మొదట పట్టుకునేది అదే. ఎవరు ఉంచారని అడిగితే నీ సంతకం కనబడుతుంది. తల్లే గుమాస్తా అని తేలితే నీ ఉద్యోగం ఏమవుతుంది?"

"తెలుసండీ."

"ఇంకోమాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఆవిడ పోయాక కరెంటు బిల్లు ఆవిడ పేరు మీదే ఉంచాను. మార్చుకోవయ్యా అని కౌంటర్లో కుర్రాడు నెలనెలా మొత్తుకునేవాడు. ప్రతి నెలా ఆ పేరు చదువుకుని డబ్బు కట్టి వచ్చేవాణ్ణి. ఇంటికొస్తే చీకటే. లైటు నేనే వేసుకోవాలి. పేరుంచితే మనిషి ఉన్నట్టు కాదమ్మా. అది నాకు తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. నీకు పట్టకూడదు."

"మరి అది అడిగితే ఏం చెప్పనండీ?"

"నిజం చెప్పు. పిల్లలు మనకన్నా గట్టివాళ్ళు. నా మాట విను, గీత కొట్టెయ్. ఏ బడికి వస్తోందో ఆ బడి పిల్లే అది."

"ఆలోచిస్తానండీ."

"ఆలోచించకు. ఆలోచిస్తే కొట్టలేవు."

శుక్రవారం.

"అమ్మయ్య, ఎత్తావా! నిన్న ఎన్నిసార్లు చేశానో తెలుసా? నాలుగు!"

"నిన్న సెలవు పెట్టానండీ."

"నువ్వా? సెలవా?"

"ఈ ఏడాదిలో మొదటిది. బాబాయ్ గారూ, మీకొకటి చెప్పాలి..."

"నువ్వాగు. ముందు నన్ను చెప్పనీ, నా దగ్గరే పెద్ద కబురుంది. నిన్న మధ్యాహ్నం డబ్బా కూడా తెరవకుండా నీళ్ళ ట్యాంకు బడికి వెళ్ళాను. తనిఖీ అని చెప్పాను. పాత బీరువాకి ఎవరడ్డం? మూడో తరగతిలో కూర్చున్నాను ఒక పావుగంట. చూశాను మీ అమ్మాయిని."

"చూశారా?"

"కిటికీ పక్కన, రెండో బెంచీ. రెండు జడలు. ఒకటి చెవికి పైన, ఒకటి కింద."

"మా అత్తగారికి కుడి చెయ్యి పైకి లేవదండీ. పొడుగైందా?"

"ఇదివరకు ఎంతుందో నాకేం తెలుసు తల్లీ?"

"మీ పక్కన నిలబడితే ఎందాకా వచ్చింది?"

"నా చొక్కా మూడో గుండీ దాకా."

"మీరెంత ఎత్తో నాకు తెలీదే."

"మధ్యరకం. తలుపు కింద వంగక్కర్లేదు. బాగానే ఉందిలే, చిక్కలేదు, దగ్గు లేదు. అక్షరాలు కుదురుగా రాస్తోంది. అసలు సంగతి విను. లేచి నా దగ్గరికొచ్చి, లెక్కకి వచ్చారా తాతగారూ అంది. అవునే అన్నాను. అయితే నన్ను లెక్కపెట్టకండి అంది."

"ఏమిటీ?"

"లెక్కపెట్టకండి అంది! ఎందుకే అంటే, నా పేరు మా ఊళ్ళో ఉంది, మా అమ్మ చూసుకుంటోంది, మీరు కూడా రాసుకుంటే నేను ఇద్దరినైపోతాను కదా అంది. నోట మాట రాలేదంటే నమ్ము. మొన్న నీకు కరెంటు బిల్లు పురాణం చెప్పిన నోరు!"

"అలా అందా అది?"

"అలాగే అంది. సాయంత్రం బడి వదిలేదాకా గేటు దగ్గరే ఉన్నాను. మీ అత్తగారు వచ్చింది. ముందు నన్ను చూసి బెదిరింది. మాటల్లో పెట్టాను. ఆవిడ కూడా అలిసిపోయిందమ్మా. మోకాళ్ళు, చెయ్యి... కొడుకు రాత్రి డ్యూటీలట. తల్లి దగ్గరికి పంపితే నయమని నాకూ ఉంది బాబూ, వాడితో చెప్పే ధైర్యం లేకపోయింది అంది. నేను చెబుతానన్నాను. చెప్పాను కూడా, ఇంటికెళ్ళి."

"మీరు... ఆయన ఇంటికి వెళ్ళారా?"

"తాళం లేదు. బడి పనిమీద వచ్చానన్నాను, కుర్చీ వేశాడు. గంటసేపు కూర్చున్నాను. మొదట గయ్యిమన్నాడు, తర్వాత తల దించుకున్నాడు. ఈ పరీక్షలయ్యాక పంపిస్తాను, కానీ అక్కడ బడిలో చోటు దొరకాలి కదా, ఆ ఊళ్ళో బళ్ళ సంగతి నాకు తెలుసు అన్నాడు. చోటుకేం దిగులు, దాని పేరు అక్కడే ఉంది, వాళ్ళమ్మ ఉంచింది అన్నాను. అయితే సరే అన్నాడు. చోటుంటేనే అని మళ్ళీ ఒకసారి అన్నాడు. విన్నావా? సరే అన్నాడు!"

"బాబాయ్ గారూ..."

"ఏడవకు. పొద్దున్నే వచ్చి నా పట్టికలో నలభై ఏడో పేరుకి గీత కొట్టి పదింటికి పంపించేశాను. తిరిగి వెళ్ళే పిల్ల అని కారణం కూడా రాశాను. ఇక నువ్వు నీ దాంట్లో ఆ పేరు అలాగే ఉంచి హాయిగా పంపు. ఎవరూ వేలెత్తి చూపలేరు. నా నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి గీత ఎప్పుడూ కొట్టలేదు... ఏమ్మా? లైను పోయిందా?"

"ఉన్నానండీ."

"మాట్లాడవేం? మళ్ళీ మౌనవ్రతమా?"

"మొదటే చెప్పబోయానండీ. తర్వాత, జడల సంగతి పూర్తిగా వినాలనిపించి..."

"ఏం చెప్పబోయావు? పట్టిక ఇంకా పంపలేదుగా?"

"తొమ్మిదిన్నరకి పంపానండీ."

"పంపేశావా? సరే, పోన్లే. పేరు ఉంచే పంపావుగా? నిన్న సెలవు పెట్టానన్నావు... ఎక్కడికెళ్ళావు నిన్న? ఉంచావుగా తల్లీ?"

"దాని పాత బడికి వెళ్ళి, మీరు చెప్పినట్టే నా చేత్తోనే గీత కొట్టేశాను, బాబాయ్ గారూ. సాయంత్రానికే దాని బెంచీ ఇంకో పిల్లకి ఇచ్చేశారు. నాకు చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారండీ."